నాన్న అతికిన ఫుట్‌రెస్టులు

ఈ కాలం వాళ్ళకి మోటారు బండి కొన్న రోజునుంచే ఫుట్‌రెస్టులు సరైన చోట ఉంటాయి. ఆ సుఖం తెలియకుండానే టకటకా బండలెక్కేస్తారు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మంట కాదు, అసూయే అనుకోండి. ఆ రెండు ఇనుప ముక్కల కోసం ఒకప్పుడు మా ఇంట్లో యుద్ధమే జరిగింది మరి.

మా కొండల్లో జరిగే పోటీలో వేగానికి విలువ లేదు. వాగులోని బండల మీదుగా, ఫుట్‌రెస్టుల మీద నిలబడి బండి నడపాలి. కాలు నేలకి ఆనిందా, తప్పు రాసుకుంటారు. నడిపేవాళ్ళకి తలా ఒక సంచి మనిషి ఉంటాడు. బండి బిగించే పానాలూ రొట్టే ఉన్న సంచి వీపున వేసుకుని బండ పైన నిలబడతాడు. దారి చెబుతాడు, బండి వెనక్కి దొర్లితే పట్టుకుంటాడు. నా సంచి మనిషి మా నాన్న కిర్సె.

ఆ వసంతంలో వాగు మలుపు దగ్గరి పెద్ద బండ మీద నేను వెనక్కి పడ్డాను. నాన్న బండిని పట్టుకున్నాడు. ఆయన నడుం అక్కడే పట్టేసింది. ఇంకోసారి ఇలాంటి బరువు పట్టావంటే మంచం దిగవు అని డాక్టరు తేల్చి చెప్పాడు. నాన్న బుద్ధిమంతుడిలా తలూపాడు. బయటికొచ్చాక మాత్రం, “ఊరి పండగ పోటీకి నేనే వస్తున్నా. నా నడుం సాకుతో నువ్వు మానేశావో, నీతో మాటల్లేవ్,” అన్నాడు.

ఆయన మొండితనం నాకు తెలుసు. ఆయన నడుం నిలవాలంటే నేను పడకూడదు, అంతే.

ఎందుకు పడుతున్నానో నాకు తెలుసు. రాళ్ళు తగలకుండా నాన్న తన పొట్టి కాళ్ళ కొలతతో ఫుట్‌రెస్టుల్ని ఎత్తుగా, ముందుకి వెల్డింగ్ చేశాడు. నావి కొంగ కాళ్ళు. ఆ ఫుట్‌రెస్టుల మీద నిలబడితే నా బరువంతా ముందుకి పోయి, ఎత్తులో వెనక టైరు పట్టు దొరక్క ఊరికే తిరిగేది. పైగా అంత ఎత్తున నిలబడితే కాస్త ఒరిగినా బండి నా చేతుల్లో ఉండేది కాదు.

“నాన్నా, రెండు వేళ్ళు కిందికి, రెండు వేళ్ళు వెనక్కి జరుపుదాం.”

“ఎందుకూ, బండలకి గీసుకోడానికా? నువ్వు పుట్టకముందటి అతుకే అది. ఇంతవరకూ కదల్లేదు!”

“అది కదల్లేదు, నేనే దొర్లుతున్నా.”

“ఆడలేక మద్దెల ఓడందిట నీలాంటిదే!”

కోపమొచ్చి బండి తోసుకుంటూ కమ్మరి ఎర్మెంగోల్ దగ్గరికి పోయాను. అతను ఫుట్‌రెస్టుల్ని తడిమి చూసి చేతులు తుడుచుకున్నాడు.

“ఇది కిర్సె అతుకు. అతికినవాడు బతికుండగా వాణ్ణి అడక్కుండా ఈ లోయలో ఎవరూ కొయ్యరు. పోమ్మా, మీ నాన్నని తీసుకురా.”

ఇంటికొచ్చేసరికి అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని నాన్న బూట్ల తాళ్ళు కడుతోంది. నాన్న వంగలేక, సిగ్గుతో గోడవైపు చూస్తున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

“నాకు గెలుపు అక్కర్లేదు నాన్నా! నేను పడితే నువ్వు పట్టుకోకుండా ఉంటావా? ఉండవు. పట్టుకుంటే మళ్ళీ లేస్తావా? నువ్వు నడుస్తుండాలి నాకు, అంతే!”

నేను బండి ఎటు తోసుకుపోయానో నాన్నకి తెలుసు, గోడ మీంచి చూపు తిప్పి అడిగాడు.

“ఎర్మెంగోల్ ఏమన్నాడు?”

“నిన్ను తీసుకురమ్మన్నాడు.”

“పర్లేదు, వెధవకి ఆ మాత్రం మర్యాద ఉంది.”

కమ్మరి కొట్టంలో ఎర్మెంగోల్ బండిని పట్టుకుంటే నేను ఎక్కి నిలబడ్డాను. నాన్న నా పాదాలెక్కడుండాలో సుద్దతో గీత గీశాడు. “ఇన్నాళ్ళూ నా కాళ్ళకి కొలిచి నీ కాళ్ళని తిట్టాను కదే,” అని గొణిగాడు. పాత అతుకు ఆయనే కోశాడు. కొత్తది ఆయనే వేశాడు.

పండగ రోజు నాన్న ఆ బండ పైనే ఉన్నాడు, చేతులు చాచి.

“తప్పుకో నాన్నా!”

“నోరు మూసుకుని గేరు చూసుకో!”

ఎక్కాను. వెనక టైరు రాతిని కరిచి పట్టింది. ముందు చక్రం తేలబోతే ఛాతీ హ్యాండిల్ మీదికి వంచాను. సగం ఎత్తులో బండి ఎడమకి ఒరిగింది. కుడి ఫుట్‌రెస్టు మీద బరువేసి తొక్కాను, నిలబడింది. అప్పుడే ఎడమది బండకి గర్రుమని గీసుకుంది. నాన్న అన్నంతా అయింది! ఆయన చేతులు ముందుకొచ్చాయి. నేను కాలు దించలేదు. ఆయన చేతులు వెనక్కి పోయాయి.

పైకి చేరాక నాన్న తన ఖాళీ చేతులకేసి చూసుకున్నాడు.

“మరింక నేనెందుకే ఇక్కడ?”

నవ్వుతూనే అన్నాడు కానీ కళ్ళు తడిగా ఉన్నాయి.

“రొట్టె ఎవరు మోస్తారు మరి?” అన్నాను.

టమాటా రుద్ది నూనె పోసిన రొట్టె విరిచి పెద్ద ముక్క నాకిచ్చాడు. అంత రుచి మళ్ళీ ఎరగను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన సంచి మోశాడు, బండి మాత్రం మళ్ళీ పట్టాల్సి రాలేదు. ఆ బండి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎడమ ఫుట్‌రెస్టు మీద ఆ రోజు బండ గీసిన గీతని నేను అరగదీయనివ్వలేదు. నాన్న పోయిన రోజు పొద్దున కూడా, బూట్ల తాళ్ళు తానే కట్టుకుని, రొట్టె కొనడానికి కొట్టు దాకా నడిచి వెళ్ళొచ్చాడు.