రాజధానిలో నా గోడ

రాజధాని చూసొద్దామన్న మాట మా ఇంట్లో మొదటిసారి ఎత్తి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో మా ఆయన చెప్పిన కుంటిసాకులన్నీ రాసిపెట్టి ఉంటే లావుపాటి పుస్తకం అయ్యేది. ఒక ఏడు ఎండలన్నాడు. ఒక ఏడు వానలన్నాడు. ఎండా వానా రెండూ లేని నెల చూసి అడిగితే మోకాలు నొప్పన్నాడు. ఆ మోకాలితోనే కార్ఖానాలో పెట్టెలకు పెట్టెలు మోస్తాడు, అప్పుడు మాత్రం దానికి నొప్పి గుర్తుకు రాదు.

నాకు ముక్కు మీద కోపమని మా బంధువుల్లో పేరు. ఆ పేరు ఉత్తినే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. అయినా ఈ ఒక్క విషయంలో ప్రతి ఏడూ అడగడం, ఆయన కాదంటే రెండు రోజులు గిన్నెలు చప్పుడు చేసి ఊరుకోవడం అలవాటైపోయింది. ఈ ఏడు ఊరుకోదలచుకోలేదు.

మేమిద్దరం పనిచేసేది ఒకే చోట, గోడలకు అతికించే పింగాణీ పలకలు చేసే కార్ఖానాలో. నేను కుంచె పట్టి వాటి మీద బొమ్మలు వేస్తాను. ఆయన వాటిని గడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో సర్ది పంపిస్తాడు. పదమూడేళ్ళ కిందట మాకు రాజధాని నుంచి పెద్ద పని వచ్చింది. అక్కడి పాత రైల్వే స్టేషన్‌ను బాగుచేస్తున్నారట. రైలు దిగినవాళ్ళు బయటికి నడిచే పెద్ద హాల్లో ఒక గోడ నిండా బొమ్మ కావాలట. వందల ఏళ్ళ నాడు ఆ నగరం పుట్టిన రేవు, దాన్నిండా పడవలు. ఏదో పాత పుస్తకంలోంచి తీసిన, అరచేతిలో పట్టే బొమ్మ ఒకటి పంపి, దీన్ని గోడంత చెయ్యండి అన్నారు. వరసకు ఇరవై నాలుగు చొప్పున పదమూడు వరసలు, మొత్తం మూడు వందల పన్నెండు పలకలు. పధ్నాలుగు నెలలు పట్టింది. అన్నీ నేనే వేశాను, ఒక్క పలక కూడా ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. నలభై ఒక్క పడవలు వేశాను. ఎన్నడూ చూడని నదికి నీలం కలుపుకోవడానికే నెల పట్టింది. ఆ పాత బొమ్మలో లేని కుక్కను ఒకదాన్ని ఒక పడవ అంచున నిలబెట్టాను. అది నా సొంత కవిత్వం.

పలకలు వెళ్ళిపోయాయి. ఫోటో పంపిస్తామన్నారు, పంపలేదు. రోజూ వేలమంది ఆ హాల్లోంచి నడుస్తారు. వాళ్ళందరూ చూసే గోడను వేసిన మనిషి మాత్రం చూడలేదు. ఇప్పుడు నా చెయ్యి సన్నగా వణుకుతోంది. సన్నగీతలు వేసే పని నా నుంచి తీసేసి వేరేవాళ్ళకు ఇస్తున్నారు, నాకేమో అంచుల్లో ఆకులూ తీగలూ మిగిలాయి. బతుకులో చేసిన ఒకే ఒక్క పెద్ద పని ఎదురుగా నిలబడి ఒక్కసారి చూడాలి. కోటలూ రాజభవనాలూ నాకు అక్కర్లేదు.

ఈ ఏడు అడిగితే మా ఆయన సాకు చెప్పలేదు. అంతకన్నా తెలివైన పని చేశాడు. వాళ్ళక్కను పిలిచాడు.

మా వదినగారు స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. రాజధానికి మూడుసార్లు వెళ్ళొచ్చింది. ఇంకోసారి వెళ్తే ఆ నగరాన్ని తన పేర రాసిచ్చేస్తారన్నట్టు మాట్లాడుతుంది. మొదటి ఆదివారమే గీతల నోట్‌బుక్కూ ఎర్ర పెన్నూ పట్టుకుని దిగింది. మూడు రోజుల ప్రయాణానికి గంట గంటకూ పట్టిక వేసింది. మొదటి రోజు పొద్దున కోట, ఒకటీ ముప్పావు గంట, గబగబా నడవాలి. తర్వాత రాజభవనం. ఆ తర్వాత మ్యూజియం, అందులో ఏయే గదులు చూడకుండా దాటెయ్యాలో కూడా రాసింది. రెండో రోజు పార్లమెంటు, బయటి నుంచే. పాత బజారులో గంటన్నర, ఎవరూ ఏమీ కొనకూడదు. బాత్రూముకు రోజుకు రెండుసార్లు, ఎక్కడెక్కడో కూడా ఆవిడే నిర్ణయించింది.

ఆ పట్టికలో స్టేషన్ లేదు. అడిగితే పెదవి విరిచింది. స్టేషన్ కూడా చూసే చోటేనా, ఎవరైనా వింటే నవ్విపోతారు అంది. పైగా ప్రయాణం బస్సులోనట. మా ఊరి నుంచి రాజధానికి తిన్నగా రైలుంది, ఆ పాత స్టేషన్‌లోనే ఆగుతుంది. బస్సయితే పధ్నాలుగు గంటలు కుదేసి నగరం చివర ఎక్కడో దింపుతుంది. ఇదేం లెక్క టీచరుగారూ అంటే, రైల్లో నల్లులుంటాయంది. మా ఆయన పక్కన కూర్చుని గంగిరెద్దులా తల ఊపాడు.

రైలు దిగి ఆ హాలు దాటేటప్పుడు పది నిమిషాలు ఆగితే చాలు, తర్వాత మీరు ఎక్కడికి తోలితే అక్కడికి నడుస్తాను అన్నాను. పది నిమిషాలు ఎక్కడా ఖాళీ లేవని నోట్‌బుక్ నా వైపు తిప్పి చూపించింది. ఇలా మూడు ఆదివారాలు గడిచాయి. మూడోదానికి నేను నోరు పారేసుకున్నాను. నేను మీ క్లాసులో పిల్లను కాను, ఆ నోట్‌బుక్ మీ ఇంట్లోనే పెట్టుకోండి అన్నాను. నా పెంపకం గురించి ఆవిడ ఒక మాట అంది. ఆవిడ మూడు ప్రయాణాల గురించి నేను నాలుగు మాటలన్నాను. మంచినీళ్ళు తాగొస్తానని వంటింట్లోకి పోయిన మా ఆయన పావుగంట దాకా బయటికి రాలేదు. పావుగంట సేపు నీళ్ళు తాగే మనిషిని నేను అప్పుడే చూశాను.

మర్నాడు కార్ఖానాలో సగం రోజు సెలవు పెట్టి స్టేషన్‌కు వెళ్ళి, వరసలో నిలబడి, మూడు రైలు టికెట్లు తీసుకొచ్చాను. వదినగారికి కూడా తీశాను, లేకపోతే అదొక నింద. నాలుగో ఆదివారం ఆవిడ నోట్‌బుక్ తెరిచి ఎర్ర పెన్ను మూత తియ్యగానే, ఆ పేజీ మీద టికెట్లు మూడూ పెట్టాను.

కళ్ళజోడు సర్దుకుని చదివింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. తమ్ముడి వైపు తిరిగింది.

"ఇంక నా వల్ల కాదురా. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆయన మళ్ళీ మంచినీళ్ళకని లేవబోయాడు.

"ఆ గోడ నేను చూశాను," అంది వదినగారు నాతో. "రెండుసార్లు చూశాను. అంతా కలగాపులగంగా ఉంది. ఏ పడవా అతకలేదు, నిలువునా కోసి అటుదిటు ఇటుదటు పెట్టినట్టుంది. నీ కుక్క తన తోకనే వాసన చూస్తోంది. జనం దాన్ని చూపించుకుని నవ్వుకుంటున్నారు. నీకు చెప్పొద్దని వీడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు."

నాకు ఏడుపు రాలేదు. ముందు కోపమే వచ్చింది, అదీ రాజధాని తాపీ మేస్త్రీల మీద. కళ్ళు నెత్తికెక్కిన వెధవలని మొదలుపెట్టాను. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేస్త్రీలు అంకెల ప్రకారమే పెట్టారు," అన్నాడు. "ఆ అంకెలు నావి."

మా కార్ఖానాలో పలకల వెనక అంకెలు వెయ్యడం సర్దేవాళ్ళ పని. ఒక వరస పలకలను చెక్క మీద పేరుస్తారు. వాటి మీద ఇంకో చెక్క పెట్టి, ఇద్దరు చెరో పక్కా పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు మొత్తం వరసను బోర్లా తిప్పేస్తారు. అలా తిప్పినప్పుడు ఎడమ చివరి పలక కుడి చివరికి వస్తుంది. అందుకని బోర్లా ఉన్న వరసకు ఎప్పుడూ కుడి వైపు నుంచే ఒకటీ రెండూ అని వేసుకుంటూ రావాలి. అలా ముప్ఫై ఏళ్ళ నుంచి వేస్తున్న చెయ్యి మా ఆయనది.

ఆ ఒక్క గోడకు మాత్రం అంకెలు నేను వేశాను. చెక్కలతో తిప్పలేదు. ఒక్కో పలకనూ ఉన్నచోటే తిరగేసి, ఎడమ నుంచి కుడికి పెన్సిలుతో రాసుకుంటూ పోయాను. నా పద్ధతిలో అదే సరైన లెక్క. మూడు వందల పన్నెండూ బోర్లా వదిలేసి సాయంత్రం ఇంటికి వచ్చేశాను. మర్నాడు సర్దడానికి వచ్చిన ఆయన కంటికి కనబడింది ఏమిటంటే, బోర్లా ఉన్న వరసలు, వాటికి ఒకటో అంకె ఎడమ పక్కన. పని తెలియనిది తప్పు వేసేసింది అనుకున్నాడు. మూడు వందల పన్నెండు అంకెలూ చెరిపి, కుడి నుంచి మళ్ళీ వేశాడు. బొమ్మ మీద గీతలు పడతాయని ఒక్క పలకను కూడా తిప్పి చూడలేదు.

"నీ పరువు కాపాడుతున్నాననుకున్నాను," అన్నాడు.

రెండు నెలలకు రాజధాని నుంచి ఉత్తరం వచ్చిందట. మర్నాడే మంత్రి చేత హాలు తెరిపించాల్సి ఉండగా మేస్త్రీలు గోడ పూర్తిచేశారని, అది ఊడదీసే వీలు లేదని, అలాగే ఉంచేశామని. అప్పటి యజమాని ఆయన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నీ పెళ్ళానికి తెలిస్తే కుంచె కింద పడేస్తుంది, ఇంకా మూడు పెద్ద పనులున్నాయి, నోరు మూసుకో అన్నాడు. ఈయన మూసుకున్నాడు. యజమాని పోయాడు, ఆ పనులు అయిపోయాయి, ఈయన మాత్రం నోరు తెరవలేదు.

నేనేమన్నానో అంతా రాయను. పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు, అంతవరకు చెప్తే చాలు. ఎండలూ వానలూ మోకాలూ ఒక్కొక్కటే పేరు పెట్టి పిలిచి తిట్టాను. నేను పదకొండేళ్ళు కనబడినవాళ్ళందరికీ ఆ గోడ గురించి చెప్పుకుంటుంటే, పక్కనే నిలబడి విన్న మనిషి ఈయన. దాన్ని తలుచుకుంటే ఒళ్ళు రగిలిపోయింది. వదినగారు నోట్‌బుక్ సంచిలో పెట్టుకుని లేచింది. ఈ ప్రయాణానికి తను రానంది. రమ్మని నేను బతిమాలలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, నవ్వడానికే అయినా దాని ముందు ఆగని మనిషిని నేను చూడలేదు, అదొక్కటి నిజం అంది. ఓదార్పో ఎత్తిపొడుపో ఆవిడకే తెలియాలి.

ఆవిడ వెళ్ళాక మా ఆయన టికెట్లు పోగుచేసి, వాపసు ఇచ్చేసి వస్తానన్నాడు. నేను లాక్కున్నాను.

"ఒక్కటే వాపసు," అన్నాను. "మీరు నాతో వస్తున్నారు. ఆ గోడ ముందు నిలబడతారు. ఎవరు ఆగి నవ్వినా, ఇది వేసింది నా భార్య, చెడగొట్టింది నేను అని చెప్తారు. గొంతెత్తి చెప్తారు."

ఎంతమందికి అని అడిగాడు. మూడు రోజులూ, వచ్చిన ప్రతివాళ్ళకూ అన్నాను. కోటా లేదు, మ్యూజియమూ లేదు, బాత్రూముకు రెండుసార్లు అన్నాను.

బతిమాలతాడని చూశాను, బతిమాలలేదు. చివరికి తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"చెప్తాను," అన్నాడు. "అంకెలు తప్పనిపిస్తే ఆవిణ్ణే ఎందుకు అడగలేదయ్యా అంటే, అప్పుడేం చెప్పను?"

అలా ఎవరూ అడగరు అనబోయాను. కానీ అడుగుతారు. నేనైతే మొదటి మాట అదే అడుగుతాను. అడగకపోవడానికి కారణం మా ఇద్దరికీ తెలుసు. అంకెలు వేసిన ఆ వారం మా మధ్య మాటల్లేవు. షెడ్డులో పదిహేను మంది పనిచేస్తుండగా, ఈయన వేసిన ఒకటికీ ఏడుకూ తేడా దేవుడికి కూడా తెలియదు, నా గోడ మీద ఈయన చెయ్యి పడనివ్వను అని నేనే గట్టిగా అన్నాను. పదిహేను మందీ నవ్వారు. వాళ్ళకన్నా ఎక్కువ నేను నవ్వాను. ఆయన పెన్సిలు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు, ఆరు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ పంతం పట్టి పలకరించలేదు.

నా కోపం తగ్గలేదు. కానీ సిగ్గు కూడా వేసింది, బాగా వేసింది.

"అది నేను చెప్తాను," అన్నాను.