వులింగ్ కనుమ మీద కొత్త ప్యాడ్లు

స్కూటర్ ముందు చక్రంలోకి ఒక్క నిమిషం తొంగిచూస్తే పోయేదానికి పాన్ లియెన్-చు మోచెయ్యి విరగ్గొట్టుకుంది. అలా చూడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు మరి.

పూలీ పట్టణానికి పైన, కొండవాలు మళ్ళలో ఆమె, ఆమె భర్త నీటివెదురు అనే కూరపంట వేస్తారు. పొద్దున్నే కోసిన కాడలను కట్టలు కట్టి, స్కూటర్‌కు ముందూ వెనకా పేర్చుకుని, వంకర్ల రోడ్డు దిగి మార్కెట్‌లో పడేసి రావడం ఇరవై ఏళ్ళుగా ఆమె పనే. కిందటి వానల్లో ఒకరోజు అలాగే దిగుతుంటే ముందు చక్రం దగ్గర గరగరమని చప్పుడు మొదలైంది. ఇసుకేదో ఇరుక్కుందనుకుంది. మూడో మలుపులో బ్రేకు నొక్కితే ఇనుము మీద ఇనుము కీచుమని అరిచింది గాని బండి ఆగలేదు. కాడల కట్టలు, బండి, లియెన్-చు ముగ్గురూ కలిసి కాలువలో పడ్డారు.

ఆస్పత్రికి చూడటానికొచ్చిన బావగారు చిన్-తాంగ్, మంచం పక్కన కుర్చీ లాక్కుని తీర్పు చెప్పేశాడు.

"బ్రేకు ప్యాడ్లు పదివేల కిలోమీటర్లు వస్తాయమ్మా. నీ బండి ఏడువేలైనా తిరగలేదు. బండిని అని లాభం లేదు, తోలేవాళ్ళకి రావాలి."

ఎముక నొప్పి ఆరు వారాల్లో తగ్గింది. ఆ మాట నొప్పి తగ్గలేదు. కట్టు విప్పిన రోజే ఆమె మెకానిక్ వాంగ్-లై షెడ్డుకు వెళ్ళింది. డెబ్బై దాటిన మనిషి, నోట్లో తమలపాకు, చేతిలో స్పానరు ఎప్పుడూ ఉంటాయి.

"మేస్త్రీ, బ్రేకు ప్యాడ్లు ఎన్ని కిలోమీటర్లొస్తాయి?"

"చెప్పులు ఎన్నాళ్ళొస్తాయి?"

"అదేం అడగడం? నడిచేదాన్ని బట్టి."

"ఇదీ అంతే. చదును రోడ్డు మీద నెమ్మదిగా పోయేవాడికి పదిహేను వేలు కూడా రావచ్చు. నీలాగా బరువేసుకుని రోజూ కొండ దిగేదానికి నాలుగైదు వేలు వస్తే గొప్ప. మీటరు చూస్తూ కూర్చుంటే చేతులు విరుగుతాయి. చూడాల్సింది ప్యాడ్ని."

ఆమెను నేల మీద గొంతుక్కూర్చోబెట్టి, టార్చి వేసి చూపించాడు. చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు పక్కలా పట్టుకునే ఇనప రేకులు, వాటి మీద నల్లటి పొర. "కొత్తప్పుడు ఈ పొర ఐదు మిల్లీమీటర్లుంటుంది. పది డాలర్ల బిళ్ళ మందానికి, అంటే రెండు మిల్లీమీటర్లకు, దిగిందంటే ఇంక ఆలోచించకు, మార్చెయ్. రెండు పక్కలా చూడు. లోపలిది దొంగది, ఒక్కోసారి అదే ముందు అరిగిపోతుంది. నెలకోసారి చూస్తే చాలు. కొండెక్కే ముందు, దిగే ముందు మాత్రం తప్పకుండా చూడు."

"మార్చడం కూడా నేర్పు."

"నువ్వా?"

"విరిగింది నా చెయ్యే కదా."

వాంగ్-లై పకపకా నవ్వాడు. నవ్వుతూనే స్పానరు ఆమె చేతిలో పెట్టాడు. నాలుగు సాయంత్రాలు ఆమె అదే పని చేసింది: విప్పడం, తుడవడం, బిగించడం. బోల్టు జారి వేళ్ళు చెక్కుకుపోయాయి. ఒకసారి ప్యాడ్లను తిరగేసి పెట్టి తిట్లు తింది. అయిదో రోజు వాంగ్-లై చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు, ఒక్క బోల్టూ మళ్ళీ విప్పించలేదు. అదే ఆయన మెచ్చుకోలు.

కోతలైపోయాక నవంబరు చివర్లో నీటివెదురు రైతుల సంఘం వాళ్ళు స్కూటర్ల మీద వులింగ్ కనుమకు బయల్దేరారు. పదిహేను బండ్లు. మూడువేల రెండువందల మీటర్ల ఎత్తు. ఎక్కేది సగం రోజు, దిగేది అంతకంటే గట్టి పని. ఏటా లాగే ముందు నడిచేది చిన్-తాంగే. బయల్దేరేటప్పుడు లియెన్-చు సీటు కింద పనిముట్ల సంచి, ఒక కొత్త ప్యాడ్ల జత సర్దుకోవడం ఆయన కంట పడింది.

"ఏంటమ్మా, ఆస్పత్రి కూడా వెంట తెచ్చుకుంటున్నావా? ఒరేయ్, మనకీసారి బ్రేకుల డాక్టరమ్మ దొరికిందిరోయ్!"

అందరూ నవ్వారు. లియెన్-చు హెల్మెట్ బిగించుకుంది.

పైన గాలి కత్తిలా కోస్తోంది. అందరూ అల్లం టీ పుచ్చుకుని ఫొటోలు దిగుతుంటే ఆమె టార్చి తీసుకుని ఒక్కో బండి దగ్గరా వంగింది. కొన్ని బాగున్నాయి. రెండిటికి వచ్చే నెలలో మార్చాలని చెప్పింది. షు-మియెన్ అనే పక్క పొలం ఆవిడ బండి దగ్గర, "నాకు ఇంకా ఆయుష్షుందా డాక్టరమ్మా?" అంటే, "నూరేళ్ళు. బండికి మాత్రం రెండువేల కిలోమీటర్లు" అంది.

చిన్-తాంగ్ బండి దగ్గర ఆమె లేవలేదు. టార్చి ఇంకా దగ్గర పెట్టింది. బయటి ప్యాడ్ పర్వాలేదు. లోపలిది గోటి మందం కూడా లేదు.

"బావగారూ, ఇలా రండి. ఈ బండి మీద దిగకూడదు."

"ఆరువేలే తిరిగిందమ్మా అది. పదివేలు—"

"మీటరు తిరిగింది ఆరువేలు. ప్యాడ్ ఎప్పుడో తిరగడం అయిపోయింది. వంగి చూడండి."

"నలభై ఏళ్ళుగా తోలుతున్నా. నాకు నేర్పుతావా?" అని ఆయన తాళం కోసం చెయ్యి చాచాడు. బండికే వదిలేసిన తాళాన్ని ఆమె అప్పటికే తీసి జేబులో వేసుకుంది.

భర్త అన్నకు ఎదురు చెప్పడం ఆమెకు జీవితంలో అదే మొదలు.

"అక్కడ ఆస్పత్రిలో మీరన్నారు, తోలేవాళ్ళకి రావాలని. నాకు రాలేదు, పడ్డాను. ఇప్పుడు వచ్చు. యాభై కిలోమీటర్ల దిగుడు ఇది. మీరు పడితే మీ వెనకున్న పద్నాలుగు మందీ మీ మీదే పడతారు. వంగి చూడండి, తర్వాత తాళం అడగండి."

ఆయన వంగాడు. టార్చి తీసుకుని రెండు పక్కలా చూశాడు. లేచాక చెయ్యి చాచలేదు.

ఇద్దరూ ఒకే ఏడాది ఒకే రకం బండ్లు కొన్నారు కాబట్టి ఆమె తెచ్చిన జత సరిపోతుంది. లియెన్-చు గుడ్డ పరిచి కూర్చుంది. వేళ్ళు చలికి కొయ్యబారాయి. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ బోల్టుల్లో మొదటిది వచ్చింది, రెండోది కదల్లేదు. ఎవరో, "తిరగదులే, లారీ పిలిపిద్దాం" అన్నారు. ఆమె స్పానరు తగిలించి, విరిగి అతుక్కున్న చేతినే దాని మీద పెట్టి, ఒళ్ళు బరువంతా వేసి తొక్కినట్టు నొక్కింది. టక్కుమంది. షు-మియెన్ ఈల వేసింది.

పాత ప్యాడ్లు ఊడొచ్చాయి. లోపలిదాన్ని ఆమె అందరికీ తిప్పి చూపలేదు. తీసి చిన్-తాంగ్ అరచేతిలో పెట్టింది, అంతే. ప్యాడ్లను డిస్కు మీదికి నెట్టే పిస్టన్‌ను వెనక్కి నెట్టి, కొత్తవి కూర్చి, బోల్టులు బిగించింది. బ్రేకు పిడి నొక్కితే మెత్తగా చివరిదాకా పోయింది.

"బ్రేకే లేదుగా!" అన్నాడు చిన్-తాంగ్ కంగారుగా.

"ఉండండి. వెనక్కి నెట్టిన పిస్టన్ మళ్ళీ ముందుకి రావాలి. ఇది మర్చిపోయినవాళ్ళే మొదటి మలుపులో పోతారు." పిడిని మళ్ళీ మళ్ళీ నొక్కింది. ఎనిమిదోసారికి అది రాయిలా గట్టిపడింది. తాళం తీసి ఆయనకిచ్చింది. "కొత్త ప్యాడ్లు మొదట సరిగ్గా పట్టవు. ఇక్కడిక్కడే పది పన్నెండుసార్లు మెల్లగా తోలి, మెల్లగా ఆపండి. దిగేటప్పుడు మీరు చివర రండి. ముందు నేనుంటాను."

ఆయన చెప్పినట్టే పన్నెండుసార్లు తోలి, ఆపి, బండిని వరస చివరికి తీసుకెళ్ళాడు.

దిగుడులో ఆమె ఒకటే పద్ధతి పెట్టింది. బ్రేకు పట్టుకుని వేలాడకూడదు; నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కాలి. పది కిలోమీటర్లకోసారి ఆగి చక్రాలు చల్లారనివ్వాలి. క్యాబేజీ తోటలు దాటాక పొగమంచు కమ్మింది. ఆ మంచులో ఒక మలుపు తిరగ్గానే, రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయిన క్యాబేజీ లారీ, దాని చుట్టూ దొర్లుతున్న క్యాబేజీలు! లియెన్-చు ఆగమన్నట్టు ఎడమ చెయ్యి ఒక్క క్షణం పైకెత్తి, రెండు బ్రేకులూ పట్టింది. బండి ఊగకుండా ఆగింది. ఆమె వెనక ఒకటి, రెండు, మూడు... బండ్లన్నీ వరసగా ఆగుతూ వచ్చాయి. ఆమె తల తిప్పి చివరిదాని కోసం చూసింది. మంచులోంచి చిన్-తాంగ్ దీపం వచ్చింది, తగ్గింది, షు-మియెన్ వెనక చక్రానికి మూరెడు దూరంలో నిలబడిపోయింది.

ఆయన కాళ్ళు నేలకానించి, హెల్మెట్ తీసి, లారీని చూశాడు, పక్కన లోయను చూశాడు. తర్వాత ఆ పదిహేను బండ్లకూ వినపడేలా అరిచాడు:

"అమ్మాయ్ లియెన్-చూ! ఆస్పత్రిలో నేను కూసింది వెనక్కి తీసుకుంటున్నా! నాకే రాదు తోలడం! విన్నారా అందరూ?"

మంచులో హారన్లన్నీ ఒక్కసారి మోగాయి. లారీ డ్రైవరు బెదిరిపోయి కిందికి దూకాడు. లియెన్-చుకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ముఖం తుడుచుకుని, దిగి, క్యాబేజీలు ఏరడానికి అందరినీ పిలిచింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే తలుపు తీస్తే వాకిట్లో తొమ్మిది స్కూటర్లు. ముందు వరసలో చిన్-తాంగ్, పక్కన ఆయన భార్య బండి, కొడుకు బండి.

"వరసలో రండి," అంది లియెన్-చు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. "ఎవరి బండి వాళ్ళే విప్పాలి. నేను చూపిస్తాను."