ఊగే చెయ్యి

నేను ఒక ప్రోటీన్ స్ఫటికాన్ని. ఆవగింజలో పదో వంతు కూడా ఉండను. పుట్టినప్పుడు నా దగ్గరున్న సరుకల్లా ఒక ఉప్పునీటి చుక్క, అందులో వరుస తప్పకుండా నిలబడ్డ కోటానుకోట్ల క్షయ క్రిమి ప్రోటీన్ అణువులు. సరుకు కొంచెమే, బేరం పెద్దది.

హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో నన్ను పెంచిన సౌదామిని, సన్నటి ఉచ్చుతో పైకి తీసి, గడ్డకట్టించి, ఎక్స్ కిరణాల ముందు నిలబెట్టింది. కిరణాలు నన్ను కాలుస్తూనే అవతలి పలక మీద వేల చుక్కలు వేశాయి. ఆ చుక్కల్లోంచి మనుషులు నా పరమాణువుల చోట్లు లెక్కగట్టారు! కంటికి ఆనని నా లోపలి ఇల్లు గది గదిగా తెర మీద లేచింది. నన్ను నేను చూసుకోవడం అదే మొదలు.

ఒక్కచోటే పేచీ. నా ప్రోటీన్‌కు పొడుగాటి చెయ్యి ఉంది. అది ఒక్కో అణువులో ఒక్కో వైపు ఊగుతుంది. అన్నిటినీ కలిపి గీసిన బొమ్మలో మంచులా చెదిరిపోయింది. ఆచార్యులు భానోజీరావుగారు ఆ మంచులోనే పరమాణువులు పొదిగి, చేతి చివర వేళ్లు నిలబెట్టారు. పొదిగిన బొమ్మతో మళ్లీ లెక్క వేస్తే, పొదిగిందే కనబడింది.

"ఇంకా ఏంటమ్మా ఆలోచన? ఆ వేళ్ల మధ్యే మందు కూర్చుంటది. మందు తయారుచేసేవాళ్లు కాచుక్కూచున్నారు."

"అక్కడ బి-ఫ్యాక్టర్ చూడండి సార్. ఊగుడు కొలిచే అంకె. చుట్టుపక్కల ముప్పై, వేళ్ల దగ్గర నూట నలభై."

"ఊగేది ఊగుతుంది! అంకె పెద్దదైతే అబద్ధమేనా?"

"కాదు సార్. ఊగుతున్నదో, మనం పెట్టిందో తేలాలి. లేని వేళ్లకి మందు చేస్తే వాళ్ల ఏళ్ల కష్టం బూడిదే."

ఆమె చెయ్యి మొత్తాన్నీ బొమ్మలోంచి తీసేసి లెక్క తిరగవేయించింది. నిజంగా ఉన్నదైతే ఖాళీలోంచి తనే లేస్తుంది. మోచేయి దాకా పలచగా, స్పష్టంగా లేచింది. అక్కడా అంకె పెద్దదే, అయినా నిజం. వేళ్ల చోట ఏమీ లేదు.

"కళ్లజోడు మార్చమంటావా?"

"మార్చినా కనబడవు సార్."

ఆయన నవ్వేశారు. "తీసెయ్. మందుకు చోటు మోచేతి మడతలో వెతుకుదాం."

నా ఒళ్లు కిరణాలకు కాలిపోయింది. అది పెట్టుబడి. నమ్మదగ్గ మోచేయీ, నిజాయితీగా వదిలేసిన ఖాళీ చోటూ మిగిలాయి. లాభమే.