ఎలుగుకు లెక్కలు రావు

ఎలుగుబంటికి లెక్కలు రావని సెయింట్ జాన్ నది లోయలో ప్రతి వేటగాడికీ తెలుసు. ఎర దగ్గరికి ఇద్దరు మాట్లాడుకుంటూ వెళ్తారు. ఒకరు చప్పుడు లేకుండా మంచె ఎక్కి కూర్చుంటారు. రెండోవారు పీపాలో ఎర పోసి, బకెట్టుతో పీపా అంచు మీద గట్టిగా కొట్టి, పాట పాడుకుంటూ తిరిగి వెళ్ళిపోతారు. పొదల్లో పడుకుని వింటున్న ఎలుగు, మనిషి వచ్చాడు, మనిషి పోయాడు అనుకుని తిండికి లేస్తుంది.

రెయాల్ తిబోదోకు పెళ్ళైన నాటి నుంచీ మంచె ఎక్కేది అతనే. పాడుకుంటూ తిరిగి వెళ్ళేది భార్య ఓదిల్. ఈ ఏడు ఆ వరస తిరగబడింది. కలప పనిలో అరిగిపోయిన అతని కుడి భుజాన్ని డాక్టర్లు చలికాలంలో కోసి కుట్టారు. బకెట్టు మోయగలడు గానీ విల్లు లాగలేడు. ఇక వేట మానేద్దామనుకున్నాడు. ఓదిల్ మానేద్దామనుకోలేదు.

జూన్‌లో ఒకరోజు కొట్టంలోకి వెళ్తే గోడకున్న మేకు ఖాళీగా కనిపించింది. అక్కడ ఉండవలసింది వాళ్ళ కొడుకు మార్సెల్ విల్లు. మార్సెల్ రెండేళ్ళ క్రితం నది మీద మంచు పగిలి నీళ్ళలో మునిగి చనిపోయాడు. అప్పటి నుంచి ఆ విల్లును ఎవరూ తాకలేదు. ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కొన్నాళ్ళకు ఆ పేరును తాకడం కూడా మానేశారు.

ఓదిల్ విల్లును లూసియన్ సీర్ దగ్గరికి పట్టుకెళ్ళింది. లూసియన్ పక్క పొలం వాడు, రెయాల్‌కు చిన్ననాటి స్నేహితుడు, భార్య పోయినవాడు. బంగాళాదుంపల గోదాము వెనక గడ్డిమోపులు నిలబెట్టి బాణాలు వేయడం నేర్పుతుంటాడు. మార్సెల్‌కు నేర్పింది కూడా అతనే. పాత వింటినారి ఎండిపోయిందని తీసేసి కొత్తది కట్టాడు. ఓదిల్ ఆ పాత నారిని చుట్టచుట్టి ఏప్రన్ జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ నారి ముడి మార్సెల్ వేసింది. దాన్ని విప్పినవి లూసియన్ వేళ్ళు. రెయాల్ ఆ సంగతి మరిచిపోలేకపోయాడు.

ఇక అప్పటి నుంచి ఓదిల్ సాయంత్రం పూట గోదాము వెనకే ఉండేది. రెయాల్ ఏదో ఒక సాకు వెతుక్కుని అటు వెళ్ళేవాడు. ఒకసారి గోధుమరంగు అట్లు గుడ్డలో చుట్టుకుని, వేడిగా ఉన్నాయి, తింటారేమోనని బయల్దేరాడు. గోదాము మూల తిరగకముందే నవ్వు వినిపించింది. అది ఓదిల్ నవ్వు. రెండేళ్ళలో అతను వినని నవ్వు. చర్చి వెనక తాడు మీద ఆరేసిన ఫాదర్ బట్టల్లోకి చిన్నప్పుడు మార్సెల్ బాణం వేసిన కథ చెబుతోంది. తొంగి చూస్తే, ఆమె నవ్వు మధ్యలోనే చేత్తో కళ్ళు ఒత్తుకుంటోంది. లూసియన్ గడ్డిమోపు మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

రెయాల్ అట్లు పట్టుకుని వచ్చిన దారినే తిరిగి వెళ్ళాడు. ఇంట్లో వాటిని కుక్కకు వేశాడు. ఆ మనిషి తన భార్య చేయి పట్టుకుని ఉంటే ఇంత మంట ఉండేది కాదేమో అనిపించింది. అతను పట్టుకున్నది అంతకంటే లోపలిది.

ఆగస్టు చివర ఎర పెట్టడం మొదలైంది. పాచిపోయిన డోనట్లు, రొట్టెలు, మొలాసిస్ అనే నల్ల బెల్లపు పాకం, వేపుళ్ళకు కాగిన నూనె. రెయాల్ రోజూ ఒక్కడే బకెట్టు నింపి, మంచి భుజం మీద మోసుకెళ్ళి పీపాలో పోసేవాడు. చెట్టుకు కట్టిన కెమెరాలో త్వరలోనే ఫాదర్ కనిపించాడు. అది ఎలుగు పేరు. నల్లని ఒంటి మీద గొంతు కింద చర్చి ఫాదర్ మెడపట్టీలా తెల్లపట్టీ ఉంటే మార్సెలే ఆ పేరు పెట్టాడు. తండ్రీ కొడుకులు కలిసి చూసిన ఎలుగు అది, కొట్టలేకపోయిన ఎలుగు కూడా. ఇప్పుడు అది బాగా ముదిరింది, ఒక చెవి చిరిగింది.

వేట మొదలయ్యే ముందు రోజు లూసియన్ కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఒరేయ్ రెయాల్, నీ పెళ్ళాం బాణం చూశావా? ఇన్నాళ్ళూ తప్పు మనిషిని మంచె ఎక్కించావురా."

"బాణం గడ్డిమోపుకు తగిలితే సరిపోదు" అన్నాడు రెయాల్.

"ఎలుగుకు కూడా తగులుతుందిలే. నీ భుజం నొప్పెడితే చెప్పు, బకెట్టు నేను మోస్తాను. పాట మాత్రం నాకు రాదు."

"నా బకెట్టు నేను మోసుకోగలను."

లూసియన్ నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు పుండు మీద కారం చల్లినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం ఎలుగుకు మనిషి వాసన తెలియకుండా ఓదిల్ వాసన లేని సబ్బుతో స్నానం చేసి, దేవదారు కొమ్మల మధ్య ఆరేసిన బట్టలు వేసుకుంది. రెయాల్ పొద్దుటి నుంచి కట్టెలు పేరుస్తున్నాడు. ఆ పనిలో చెమటకు తడిసిన, రోజూ వేసుకునే పనిచొక్కా విప్పి, మడిచి, బకెట్టు అడుగున డోనట్ల కింద పెట్టాడు. చెమట వాసన సోకిన చోటికి ముసలి ఎలుగు రాదు. రేపూ రాదు, ఎల్లుండీ రాదు. ఓదిల్ ఖాళీగా కూర్చుని కూర్చుని దిగుతుంది. లూసియన్ నేర్పిన విద్య ఎందుకూ పనికిరాకుండా పోతుంది. విల్లు తిరిగి మేకుకు చేరుతుంది. అతనికి కావలసింది అంతే.

ఇద్దరూ వాతావరణం గురించి గట్టిగా మాట్లాడుకుంటూ నడిచారు. ఓదిల్ నిచ్చెన ఎక్కి మంచె మీద సర్దుకుంది. ఆమె విల్లును తాడుతో పైకి లాక్కుంటున్నప్పుడు రెయాల్ చెట్టు వెనక్కి వెళ్ళి, బకెట్టు అడుగు నుంచి చొక్కా తీసి నిచ్చెన పక్క విరిగిన కొమ్మ సందులో కుక్కాడు. తర్వాత పీపాలో ఎర పోసి, అంచు మీద బకెట్టుతో కొట్టి, ఓదిల్ పాడే పాటే పాడుకుంటూ వెళ్ళిపోయాడు.

బండి దగ్గరికి చేరి బకెట్టు దించాడు. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతుకుతూ ఎందుకో అరచేతులు వాసన చూశాడు. మొలాసిస్, కాగిన నూనె, చెమట. మూడూ కలిసిన ఒకే వాసన. భుజం మీద బకెట్టు ఒలికినప్పుడల్లా ఆ నూనె ఇంకింది ఆ చొక్కాలోకే. ఈ నెలంతా ఆ ఎలుగు తిండికి ముందు పీల్చింది ఆ వాసనే. ఎర మోసేవాడిని ఎలుగు గుర్తుపడుతుందని, అందుకే ఎప్పుడూ ఒక్కరే మోయాలని, ఊరందరికీ చెప్పింది కూడా తనే. ఇంకో మనిషి చెమటైతే ఎలుగు పారిపోయేది. తన చెమట దానికి అన్నం వాసన.

ఆ అన్నం వాసనను భార్య కాళ్ళ కింద పెట్టి వచ్చాడు.

రెయాల్ బకెట్టు అందుకుని పరుగెత్తాడు. ఈసారి పాట లేదు.

చెట్ల మధ్య నుంచి ముందు నలుపు కనిపించింది, తర్వాత చిరిగిన చెవి. ఫాదర్ పీపా వైపు చూడనే లేదు. వెనక కాళ్ళ మీద లేచి, నిచ్చెన పట్టుకుని, చొక్కాను పళ్ళతో లాగుతోంది. చొక్కా చిరిగి కింద పడింది. ఎలుగు ముక్కు పైకెత్తింది. ఇంకా ఉందేమోనన్నట్టు ఒక మెట్టు ఎక్కింది, ఇంకోటి ఎక్కింది. దాని బరువుకు చెట్టు కదిలింది. ఓదిల్ బూట్లు దాని మూతికి చేయి చాపేంత దూరంలో ఉన్నాయి. ఎలుగు సరిగ్గా కింద నిలువునా ఉంటే బాణం వేయకూడదని లూసియన్ నేర్పాడు, ఆమె వేయలేదు. కాళ్ళు దగ్గరికి లాక్కుని, నిద్రపట్టని బిడ్డతో మాట్లాడే గొంతుతో, "వెళ్ళు నాన్నా. ఇక్కడేం లేదు. వెళ్ళు" అంటోంది.

రెయాల్‌కు అరవాలనిపించింది. అరిస్తే బెదిరి పైకే పోతుందేమో. బకెట్టు ఎత్తి పీపా అంచు మీద కొట్టాడు. రోజూ కొట్టినట్టే కొట్టాడు.

ఎలుగు తల తిప్పింది. ఆ చప్పుడు దానికి తెలుసు. బరబరా చెట్టు దిగి, తొందర లేకుండా అతని వైపు నడిచింది. రెయాల్ బకెట్టు అడుగున అంటుకున్నది నేల మీద విదిలించి, కళ్ళు దించుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. ఎలుగు ఆగి పక్కకు తిరిగి తినసాగింది. బాణానికి అంతకంటే మంచి అదను ఉండదు. పైన ఓదిల్ విల్లు లాగింది. రెయాల్ అది చూశాడు. తను ఎలుగుకు సరిగ్గా అవతలి పక్కన, బాణం దారిలోనే ఉన్నానని కూడా చూశాడు.

ఆమె చాలాసేపు అలాగే పట్టుకుని ఉంది. తర్వాత నారిని మెల్లగా వదులు చేసి విల్లు దించింది.

ఎలుగు తినేసి, మంచె వైపు తేరిపార చూసి, పొదల్లోకి వెళ్ళిపోయింది. పైన మనిషి ఉన్నట్టు దానికి తెలిసిపోయింది, ఇక ఆ చెట్టు దగ్గరికి రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఓదిల్ దిగి, చిరిగిన చొక్కా చేతిలోకి తీసుకుంది.

"ఇది నీదే."

"నాదే."

"ఎందుకు పెట్టావు?"

"నీకు ఎలుగు రాకూడదని" అన్నాడు. "మనవాడి గురించి లూసియన్‌తో మాట్లాడావు. నాతో మాట్లాడలేదు."

ఓదిల్ చొక్కాను మడతపెట్టింది, ఉతికిన బట్టను మడిచినట్టు.

"ముందు నీతోనే మొదలుపెట్టాను రెయాల్. వాడి పేరు ఎత్తినప్పుడల్లా నువ్వు లేచి కట్టెలు కొట్టడానికి పోయావు. లూసియన్ కూర్చున్నాడు. అంతే తేడా."

పీపా చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. ఆమె విల్లు అతని మంచి చేతికి ఇచ్చి, బకెట్టు తను తీసుకుంది. ఆ విల్లును అతను పట్టుకోవడం ఆ రెండేళ్ళలో అదే మొదలు. తను అనుకున్నదానికన్నా తేలికగా ఉంది.

"రేపు లూసియన్‌కు ఈ సంగతి చెప్తాను" అంది ఆమె నడుస్తూ.

"చెప్పు" అన్నాడు. ఆ మాట అనడానికి భుజం కోసినప్పటికంటే ఎక్కువ కష్టమైంది. కొంత దూరం వెళ్ళాక మళ్ళీ అన్నాడు: "కానీ ఆ రోజు గోదాము వెనక ఫాదర్ బట్టల కథ విన్నాను, అది మాత్రం లూసియన్‌కు తప్పు చెప్పావు."

"ఏం తప్పు?"

"బాణం దిగింది ఫాదర్ గారి అంగీలోకి కాదు. లోపలేసుకునే లాగులోకి. నేనే పీకాను. వాడూ నేనూ కలిసి ఆ చిల్లు కుట్టడానికి కూర్చున్నాం, నీకు తెలియకుండా."

ఓదిల్ ఆగింది. "అది నాకెప్పుడూ చెప్పలేదే."

"లేదు" అన్నాడు రెయాల్.

"అయితే మొదటి నుంచి చెప్పు."

అతను విల్లును ఇంకో చేతికి మార్చుకుని, మొదటి నుంచి మొదలుపెట్టాడు.