చలి ఊళ్ళో ఏసీ కంప్రెసర్

భూగోళం అవతలి సగంలో జూలై అంటే నడి చలికాలం. కొండల మీది కోల్పాపంపాలో ఆ నెల రాత్రి బకెట్లో పోసిన నీళ్ళు తెల్లారేసరికి రాయైపోతాయి. అలాంటి ఊళ్ళో నసారియో తన జీపుకి ఏసీ కంప్రెసర్ బిగించాడంటే జనం ఊరుకుంటారా? పనులు మానుకుని మరీ చూడ్డానికొచ్చారు.

"ఏం అల్లుడూ, లోపల ఉక్కపోస్తోందా?" అన్నాడు ఇలారియోన్, బానెట్ కిందికి తల దూర్చి.

ఇలారియోన్ నసారియోకి వరసకి బావ, అతని భార్య దెమెత్రియాకి స్వయానా అన్న. మరి బావ అల్లుడని పిలవడమేమిటంటే, ఆ ఊళ్ళో పిల్లా పెద్దా అందరూ నసారియోని అలాగే పిలుస్తారు. గనుల ఊరి నుంచి వచ్చి దెమెత్రియాని చేసుకున్నాడు. ఇక్కడే ఇల్లు కట్టాడు, పిల్లల్ని కన్నాడు, సగం ఊరిని తన జీపులోనే ఆస్పత్రికి తిప్పాడు. అయినా అల్లుడే. మర్యాదకి లోటు లేదు గానీ, మనవాడు అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు.

"చల్లదనానికి కాదు బావా, గాలికి! తుక్కు బస్సులోంచి ఊడదీసుకొచ్చా. ఇంజను తిరిగితే బెల్టు మీద ఇదీ తిరుగుతుంది, బయటి గాలి పీల్చి టైర్లకి కొడుతుంది. ఇసకలో టైర్లు మెత్తబరుచుకుంటా, రాళ్ళ దారి రాగానే మళ్ళీ గట్టిగా నింపుకుంటా."

"చేతి పంపుకేం రోగం?"

"నువ్వొచ్చి కొడతావా? ఈ ఎత్తులో నాలుగు మెట్లెక్కితేనే నాలిక బయటపెడతావు."

అందరూ నవ్వారు. నసారియో కూడా నవ్వాడు గానీ, లోపల గుబులుగానే ఉంది. ఈ ఏడు సంతియాగో స్వామి పండుగకి పెద్ద అతనే. ఎవరూ ఇవ్వలేదు, తనే అడిగి మీదేసుకున్నాడు. ఊరందరికీ భోజనం పెట్టాలి, ఉయుని పట్నం నుంచి బూరల మేళం తేవాలి. మధ్యాహ్నం గంట కొట్టేసరికి మేళం రాకపోతే స్వామి చప్పుడు లేకుండా ఊరేగాలి. సొంతవాడు చేస్తే ఆ తప్పు ఓ ఏడాది తిట్టుకుని మరిచిపోతారు. తను చేస్తే, పరాయివాడి చేతికిస్తే ఇంతేనంటూ మనవల కాలం దాకా చెప్పుకుంటారు. ఆ భయంతోనే కంప్రెసర్ తెచ్చి పెట్టుకున్నాడు.

పండుగనాడు పొద్దున్నే మేళాన్ని ఎక్కించుకోవడానికి పట్నంలో జీపు ఆపాడు. వాళ్ళతో తిరిగి బయల్దేరబోతుంటే, వెంట వచ్చిన దెమెత్రియా దారికడ్డంగా నిలబడింది.

"చల్లా చెయ్యకుండా, సారా చల్లి మొక్కకుండా, కొత్త సామానుతో ఎక్కడికి? నేలతల్లి ఊరుకుంటుందా? తియ్యి బానెట్."

"అది కొత్తది కాదే, తుక్కు."

"నీకు కొత్తదేగా!"

సారా చిలకరించింది, బీరు చిలకరించింది. ఆ పైన సంచీడు రంగు కాగితపు ముక్కలు కంప్రెసర్ మీద దోసిళ్ళతో పోసింది. గాలి పీల్చే గొట్టం మూతికి గుడ్డ కట్టాలని నసారియో నిన్నే అనుకున్నాడు. తర్వాత చూద్దాంలే అని కూడా నిన్నే అనుకున్నాడు.

మేళగాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు కూచున్నారు, పెద్ద బూర పైకెక్కింది. ఇసక మైదానం రాగానే నసారియో టైర్లలో గాలి తగ్గించాడు. బండి ఎక్కడా కూరుకుపోకుండా ఒక్క ఊపులో అవతలికొచ్చేసింది. "చూశావా?" అన్నట్టు భార్య వైపు చూశాడు. అక్కణ్ణించి మొనదేలిన రాళ్ళ దారి. మెత్తటి టైర్లతో పోతే చీలికలైపోతాయి. దిగి, పైపు తగిలించి, కంప్రెసర్ తిప్పాడు.

మొదటి టైరు బింకంగా నిండింది. రెండోదానికి సగంలో గాలి నీరసించింది. పైపు ఊడదీసి చూస్తే మూతిలోంచి గులాబీరంగు కాగితం ముక్క ఒకటి తుప్పుమని బయటికొచ్చింది. వెనకాలే ఒక పచ్చది.

"దీవెనలు కక్కుతోంది అన్నా," అన్నాడు మేళం పెద్ద.

నసారియోకి ఏడుపొక్కటే తక్కువ. "దెమెత్రియా, నీ చల్లా నా కొంప ముంచిందే!"

"నేను పెట్టింది నేలతల్లికి. మధ్యలో నీ యంత్రాన్ని మింగమన్నానా? మూతి తెరిచిపెట్టిందెవరు?"

నసారియో ఇంజను ఆపాడు. స్పానర్ తీసి బోల్టులు విప్పాడు. సారాలో నానిన కాగితం ముద్ద ముద్దయి వాల్వు రేకుల కింద అతుక్కుపోయి ఉంది. మేళం పెద్దే బూరలు తుడిచే గుడ్డ పట్టుకుని పక్కన చేరాడు. మూత కింది ప్యాకింగు చిరక్కుండా ఒకరు ఎత్తితే ఒకరు తుడిచారు. సూర్యుడు చూస్తే నెత్తి మీదికి ఎగబాకుతున్నాడు.

"ఇంత ఊపిరి పెట్టుకుని ఊరికే నిలబడ్డారేం?" దెమెత్రియా మిగతా మేళగాళ్ళ మీద పడింది. "టైరు నింపడం ఎలాగూ మీ వల్ల కాదు. ఊరి వైపు తిరిగి వాయించండి. వస్తున్నామని వాళ్ళకి వినపడాలి!"

పెదాలు ఇత్తడికి అంటుకుపోతున్నా వాయించారు. హుషారుకి నమిలే కోకా ఆకు దవడన పెట్టుకుని డప్పుగాడు చెలరేగిపోయాడు. దూరాన మేస్తున్న లామాలు తలెత్తి చూసి, మనకెందుకులే అని మళ్ళీ దించుకున్నాయి. బోల్టులు బిగిశాయి. దెమెత్రియా కాలి ఊలు మేజోడు లాగి విప్పి గొట్టం మూతికి తొడిగింది. ఈసారి కంప్రెసర్ టకటకమంటూ టైర్లన్నీ నింపింది.

ఊరు చేరేసరికి మధ్యాహ్నం ఎప్పుడో దాటిపోయింది. నసారియో బండి దిగకుండా ఒక్క క్షణం స్టీరింగు పట్టుకుని కూచున్నాడు. తర్వాత చూశాడు. చర్చి ముందు పల్లకీ నేల మీదే ఉంది. స్వామి కదల్లేదు. జనం గోడ నీడ వదిలి ఎండ పొడ చూసుకుని కూచుని, ముఖాలు మాడ్చుకుని ఉన్నారు. ఇలారియోన్ లేచి ఎదురొచ్చాడు.

"మేళం వినపడింది కదూ బావా? అందుకే ఆగారు!" అన్నాడు నసారియో, ప్రాణం లేచొచ్చి.

"ఏ మేళం? గాలి అటు కొడుతోంది. ఇక్కడ ఈగ మోత కూడా లేదు."

"మరి గంట కొట్టలేదా?"

"కొట్టారు. ఎప్పుడో కొట్టారు."

"మరెందుకు కదల్లేదు?"

ఇలారియోన్‌కి ఒళ్ళు మండింది. "ఎందుకేమిటి? పరాయివాడి పండుగైతే గంట కొట్టగానే కదిలిపోయేవాళ్ళం, రాకపోతే వాడి ఖర్మ అని. మనవాడివై చచ్చావు! పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా, నిన్ను తిట్టుకుంటూ కూచున్నాం. ఆ గుడ్లప్పగించి చూడ్డం ఆపి, మేళం ఎత్తమను ముందు."

నసారియో బండి దిగాడు గానీ, మేళం వైపు కాకుండా పల్లకీ వైపు నడిచాడు. దెమెత్రియా అతని ముఖం చూసింది. తనే మేళగాళ్ళ వైపు తిరిగి చెయ్యి ఊపింది.