పంటు మీద కుచ్చులు

“జేబు ఊడింది, రెండు కుట్లు వేసెయ్. తర్వాత మిషను రిక్షా ఎక్కిద్దాం” అన్నారు మా ఆయన, తెల్లచొక్కా నా ఒళ్ళో పడేసి.

వేసేను. మా అమ్మ పీచుతాళ్ళు పేని కొనిచ్చిన కాలి మిషను అది. దాని మీద నేను వేసే ఆఖరి కుట్టు ఆయన జేబుదే కాబోలు అనుకున్నాను. నర్సాపురంలో ఆడపడుచు కూతురికి ఇచ్చేస్తానని ఆయన మాటిచ్చేసేరు. నన్నడగలేదు. “ఆ పిల్ల దగ్గరుంటే బతుకుతెరువవుద్ది. ఇక్కడ ఊరికే పడుంది కదా” అన్నారు. పదహారేళ్ళుగా మా వీధిలో చిరిగిందల్లా వంటింటి వెనక గోడకేసి ఉన్న ఆ మిషను దగ్గరకే వచ్చింది. “ఒక్క కుట్టే కదమ్మా నిర్మలా” అంటూ వచ్చేది. అత్తగారు బతికున్నన్నాళ్ళూ “ఆ టకటకలో పడి అన్నం మాడగొట్టకు” అనేవారు. ఒక్కనాడూ మాడగొట్టలేదు. మొన్న క్రిస్మస్‌కి పాటలు పాడే పిల్లలకి ఇరవై రెండు తెల్లఫ్రాకులు కుట్టేను. చర్చిలో పాస్టరు గారు “సంఘం సెక్రటరీ సుందరరావు గారు పిల్లలందరికీ ఫ్రాకులు కుట్టించేరు” అంటే జనం చప్పట్లు కొట్టేరు. మా ఆయన లేచి చేతులు జోడించేరు. నేనూ చప్పట్లు కొట్టేను.

తొంభై ఎనిమిది డిసెంబరు ఆఖరి ఆదివారం. రిక్షా పెద్దిరాజు మిషనుని రిక్షాలో తాళ్ళతో కట్టి, రిక్షాతో సహా సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కించేడు. అవతలి ఒడ్డున సభల్లో పాడటానికి ఆ పిల్లలూ అదే పంటులో వస్తున్నారు. పంటు కదిలింది. నడిగోదారిలో గాలి ఒక్కసారి కొట్టేసరికి ఇరవై రెండు ఫ్రాకులూ గొడుగుల్లా విచ్చుకున్నాయి. పక్కకి చూస్తే, సైకిలు పట్టుకున్నాయన మోకాలి అతుకు నాది. కొబ్బరి బస్తా మీద కూర్చున్నామె జాకెట్టు చంక నాది. మా ఆయన జేబు నాది. ఇంతమందిని పట్టుకుని ఉన్న దారం నా ఇంట్లోంచి వచ్చిందా అనిపించింది. వంటింటి వెనక గోడ వైపు తిరిగి కూర్చుని కుట్టిన దాన్ని, ఇవన్నీ ఒక్కచోట ఎప్పుడు చూసేను గనక?

అప్పుడే పర్రుమని చప్పుడు. ఓ చిన్నపిల్ల ఫ్రాకు సైకిలు బ్రేకుకి తగులుకుని నడుం దగ్గర మూరెడు మేర ఊడిపోయింది. పిల్ల ఏడుపు. వాళ్ళని తీసుకెళ్తున్న సండేస్కూలు కాంతమ్మ గారు “అయ్యో, ముందు వరసలో నిలబడే పిల్లండీ” అని నా వైపు చూసేరు.

“పెద్దిరాజూ, మిషను దించు” అన్నాను.

“ఇక్కడా?” అన్నారు మా ఆయన. “అందరూ చూస్తున్నారు.”

“చూడనివ్వండి.”

పిల్లకి కాంతమ్మ గారు తన శాలువా చుట్టేరు. నేను ఇంకో కొబ్బరి బస్తా లాక్కుని కూర్చున్నాను. పొద్దున్న జేబుకి ఎక్కించిన తెల్లదారం సూదిలో అలాగే ఉంది. పై దారం వదులు చేసి, కుట్టు పెద్దది పెట్టి, ఊడిన గుడ్డ అంచున రెండు వరసలు తొక్కేను. కింది దారాలు రెండూ వేలికి చుట్టుకుని మెల్లగా లాగేను. కుచ్చులు ఒకదాని వెనక ఒకటి నడిచొచ్చి వరసగా నిలబడ్డాయి. మూరెడు గుడ్డ జానెడైంది. ఎన్ని వేలసార్లు లాగి ఉంటానో ఆ దారాన్ని! అయినా ఆకాశం కింద, అంత నీటి మధ్యన, అది నాకే కొత్తగా ఉంది. సైకిళ్ళ దగ్గర మగాళ్ళు మెడలు చాచి చూసేరు. ఇంజను మోతా నా మిషను చప్పుడూ తప్ప ఏమీ వినబడలేదు.

“సెక్రటరీ గారూ, ఇరవై రెండు కుట్టించేరు కదండీ” అన్నారు కాంతమ్మ గారు. “దారం సూదిలోకి ఎటునించి ఎక్కిస్తారో చెప్పండి చూద్దాం?”

“ఆయ్... మనకేం తెలుస్తాదండీ” అని నవ్వబోయేరు ఆయన. నవ్వు రాలేదు. వంగి నా వేళ్ళ వైపే చూస్తూ, “ఇరవై రెండూ ఇలాగేనా నిర్మలా?” అన్నారు.

“ఇలాగేనండి.”

కుచ్చుల్ని నడుంపట్టీకి కలిపి కుట్టి, పిల్లకి తొడిగేను. ఆ పిల్ల గిర్రున తిరిగింది. నర్సాపురం రేవు దగ్గరపడింది. గట్టు మీద ఆడపడుచూ, కూతురూ చేతులూపుతున్నారు.

“పెద్దిరాజూ, మిషను రిక్షాలో పెట్టు. దిగాలి” అన్నారు మా ఆయన.

“వద్దు పెద్దిరాజూ, ఉంచు” అన్నాను. “ఏవండీ, మీరు దిగండి. అమ్మాయిని మనింటికి రమ్మనండి, పని నేర్పుతాను. మిషను నాతో వెనక్కొస్తుంది. వెళ్ళగానే వీధరుగు మీద వేయించుకుంటాను.”

“మాటిచ్చేను కదా. వాళ్ళకేం చెప్పను?”

“ఊరికే పడి లేదని చెప్పండి” అన్నాను. మిషనుని మా ఒడ్డు వైపుకి తిప్పుకుని, పంటు మళ్ళీ కదిలేదాకా అలాగే కూర్చున్నాను.