షీటుకు నాలుగు

ఆదివారం మధ్యాహ్నం అందరి అన్నాలూ అయ్యాక ఇంద్రజ మాత్రలు పంచింది. షీటుకు నాలుగు మాత్రలు. ఇంట్లో మనుషులు నలుగురు. అత్తకొకటి, మొగుడికొకటి, కూతురికొకటి, ఆఖరిది తనకి. లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, ఆ కంపెనీవాళ్ళెవరో గాజువాక వచ్చి తమ ఇల్లు చూసి వెళ్ళి మరీ షీటు కొట్టించారేమో అనుకుని నవ్వుకుంది కూడా.

అవి విటమిన్ డి మాత్రలు. డాక్టరమ్మ రాసింది ఇంద్రజకి. మెట్లెక్కుతుంటే తొడలు బరువెక్కిపోతున్నాయనీ, నడుం పట్టేస్తోందనీ, కూర్చున్న చోటునుంచి లేవాలంటే గోడో బల్లో పట్టుకోవాల్సి వస్తోందనీ చెప్పుకుంటే రక్తపరీక్ష చేయించింది. ముప్పైకి తగ్గకుండా ఉండాల్సింది ఎనిమిది ఉంది. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, కాస్త నూనో పాలో గుడ్డో ఉన్న భోజనం మీద వేసుకోమని రెండు షీట్లు ఇచ్చింది.

"నీకొక్కదానికేనేటి ఎముకలున్నాయి?" అంది అత్త చిలకమ్మ, షీటు చూడగానే. డెబ్భై ఏళ్ళ మనిషి, ఆ మాటలో ఇంద్రజకి తప్పేమీ కనపడలేదు. త్రినాథరావుది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. షిఫ్టు దిగి వచ్చి భుజం నొక్కుకుంటూ "పవర్ బిళ్ళలు కదా, నాకూ ఒకటియ్యి" అని చెయ్యి చాపాడు. దేవిశ్రీ దువ్వాడలో కాలేజీకి వెళ్ళే పిల్ల. "డి తక్కువైతే జుట్టు ఊడిపోతుందంట అమ్మా, ఫోన్లో చూశాను" అని దువ్వెన తెచ్చి చూపించింది. ఇంకేముంది, ఎనిమిది వారాల వైద్యం రెండు ఆదివారాల్లో పూర్తయిపోయింది. ఖాళీ షీట్లు చెత్తబుట్టలో వేస్తూ, ఇంట్లో అందరికీ మంచి జరిగిందనే అనుకుంది ఇంద్రజ.

ఆ ఇంట్లోకి ఏది వచ్చినా అంతే. వంజరం చేప తెస్తే నడిమి ముక్కలు తండ్రికీ కూతురికీ, మెత్తటిది అత్తకి, తోక తనకి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించే మనిషే కడబంతిలో కూర్చుంటే గిన్నెలో పులుసు తప్ప ఏమీ మిగలదన్న సంగతి ఆ సామెత కట్టినవాళ్ళకి తెలిసినట్టు లేదు. తెలియడానికి వాళ్ళెప్పుడైనా వడ్డించి ఉంటేగా.

డాక్టరమ్మ ఎండ గురించి కూడా చెప్పింది. పొద్దున పదికీ మధ్యాహ్నం మూడుకీ మధ్య కాసేపు ఎండ తగలాలట. "విశాపట్నంలో ఎండకి కరువేటి?" అని నవ్వాడు త్రినాథరావు. కరువు లేదు, నిజమే. చెమటతో రవిక అతుక్కుపోయే ఊరది. కాని ఇంద్రజ చీకటితో లేచి వంటింట్లో దూరుతుంది. ఎనిమిదిన్నరకి షేరాటోలో నలుగురి మధ్య ఇరుక్కుంటుంది. తొమ్మిదికల్లా ఆటోనగర్లో మోటారు వైండింగ్ షెడ్డులో ట్యూబులైటు కింద స్టూలెక్కి రాగి తీగ చుట్టడం మొదలుపెడితే, మళ్ళీ బయటికొచ్చేసరికి సాయంత్రం ఆరు. సూర్యుడి డ్యూటీ టైమూ ఆమె డ్యూటీ టైమూ ఒకటే. మిగిలింది ఆదివారం. ఒక ఆదివారం పదకొండు గంటలకి మేడ మీదకి వెళ్ళి రవిక చేతులు పైకి లాక్కుని ఎండలో నిలబడింది కూడా. పది నిమిషాలైనా కాలేదు, కింద నుంచి చిలకమ్మ కేకేసింది. "ఏటే, ఊరికే నిలబడిపోనావు? ఎవులైనా సూత్తే ఏటనుకుంతారు? ఆ దుప్పట్లయినా అట్టుకెళ్ళి ఉతికీ!" పని లేకుండా ఆడది ఎండలో నిలబడితే ఎవరైనా ఏమనుకుంటారో ఇంద్రజకి తెలియదు గాని, కిందికి దిగి దుప్పట్లు నానబెట్టింది. బాత్రూములో ఎండ రాదు.

మూడు నెలలైనా నొప్పులు తగ్గలేదు. నిజం చెప్పాలంటే ఎక్కువయ్యాయి. షెడ్డు యజమాని శ్రీరామ్మూర్తి చెడ్డవాడేం కాదు, కాని కళ్ళున్నవాడు. ఇంద్రజ స్టూలు మీంచి లేవడానికి బల్ల అంచు రెండు చేతులా పట్టుకోవడం అతను చూశాడు. చుట్టిన మోటారుని పక్క బల్ల మీదకి జరపడానికి ఎవరో ఒకరిని పిలవడమూ చూశాడు. పక్కనే ఒక కొత్త అమ్మాయిని కూర్చోబెట్టి పని నేర్పమన్నాడు.

"ఇంద్రజమ్మా, నీ సేతి పనికి వంక పెట్టేవోడు లేడు. కానీ ఒంట్లో బాగులేనప్పుడు ఇంటికాడ రెస్టు తీసుకోవాల. ఫిబ్రవరి ఆఖరుదాకా సూద్దాం" అన్నాడు.

చూడ్డమంటే ఏమిటో ఆమెకి అర్థమైంది. పదమూడేళ్ళుగా చేస్తున్న పని అది. తీగ ఎంత బిగించాలో, ఎక్కడ వదలాలో ఆమె వేళ్ళకి తెలుసు. కాలిపోయిన మోటారు తెచ్చినవాళ్ళు "ఆ ఇంద్రజమ్మ సేతనే సుట్టించండి" అని అడిగి మరీ వెళ్తారు. ఇంట్లో ఆమె వండిన కూర గురించి ఉప్పు తక్కువైనప్పుడు తప్ప ఎవరూ మాట్లాడరు. ఆ షెడ్డు పోతే ఆమెను పేరు పెట్టి అడిగే చోటు ఈ భూమ్మీద ఇంకోటి లేదు. ఆ భయంతోనే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

ఈసారి పరీక్షలో తొమ్మిది వచ్చింది. డాక్టరమ్మ కాగితం తిరగేసి మరగేసి చూసింది.

"మాత్రలు వేసుకున్నారా?"

"వేసుకున్నానండి."

"ఎనిమిదీ?"

ఇంద్రజ నేలచూపులు చూసింది. "రెండండి."

"మరి మిగతా ఆరూ?"

"ఇంట్లో అందరికీ తలా రెండు ఇచ్చానండి."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాగితం బల్ల మీద పెట్టి, "ఇది ప్రసాదం కాదమ్మా, మందు" అంది. "వాళ్ళకి తక్కువుందో లేదో తెలియకుండా ఎలా ఇచ్చారు? అవసరం లేనివాళ్ళు ఎడాపెడా వేసుకుంటే కిడ్నీలకి చేటు. కావాలంటే వాళ్ళనీ పరీక్ష చేయించుకోమనండి, ఎవరి చీటీ వాళ్ళకి రాస్తాను." మళ్ళీ రెండు షీట్లు రాసింది.

మర్నాడు షెడ్డులో అన్నాల వేళ ఈ సంగతి దుర్గకి చెప్పింది. దుర్గ పక్క బల్ల మీద పనిచేస్తుంది. సముద్రంలో చేపల వేటకెళ్ళే ఇంటి పిల్ల. మాట కత్తిపీట. వాళ్ళ వైపు అక్కని పిలిచినట్టు ఇంద్రజని అప్పా అంటుంది.

"అప్పా, ఒక మాటడుగుతాను. మీ అత్త బీపీ బిళ్ళ ఎప్పుడైనా సగం తుంచి నీ నోట్లో ఎట్టిందేటి?"

ఇంద్రజకి నవ్వొచ్చింది. సగం నవ్వాక ఆగిపోయింది. చిలకమ్మ బీపీ మాత్రలు ఆమె మంచం తలాపున పౌడరు డబ్బాలో ఉంటాయి. వాటి మీద చెయ్యి వేసినవాళ్ళు లేరు. త్రినాథరావు గ్యాసు బిళ్ళలు చొక్కా జేబులో ఉంటాయి, చొక్కా ఉతికేముందు తీసి బీరువా మీద పెట్టేది ఇంద్రజే. ఆ ఇంట్లో ఎవరి మాత్రలు వాళ్ళవే, తన మాత్రలే అందరివీను. ఈ మాట ఇరవై ఏళ్ళలో తనకి తట్టకపోవడం, దుర్గ నోటి నుంచి రావడం ఆమెకి సిగ్గనిపించింది. ఆ వెనకాలే కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పాల్సి వస్తే ముందు తన మీదే. వాళ్ళు చెయ్యి చాపారు, నిజమే. తను మాత్రం, వద్దన్నా పెట్టేదానిలా, ఒక్కొక్కటే నొక్కి తీసి అరచేతుల్లో పోసింది.

"ఇంటికి అట్టుకెళ్ళకు. ఇక్కడే సొరుగులో ఎట్టీ. సోమారం సోమారం మింగు. నూనె కావాలన్నాదా డాక్టరు? మాయమ్మ సేత సేపలు ఏయించి తెత్తాను" అంది దుర్గ.

అలా రాగి తీగ చుట్టలూ నూలు టేపూ ఉండే సొరుగులో ఇంద్రజ మందు చేరింది. సోమవారం మధ్యాహ్నం దుర్గ డబ్బాలోంచి వేయించిన కానాగంత చేప ఒకటి తన డబ్బాలోకి వస్తుంది. కూర్చుని, వేడిగా కాకపోయినా స్థిమితంగా తిని, మాత్ర వేసుకుంటుంది. ఎవరూ అడగరు. ఎవరూ మంచినీళ్ళందుకోమనరు. మొదటి రెండు వారాలూ గొంతు దిగడం కష్టమైంది. దాచుకు తినే కోడలంటే మాటలా మరి. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో అటక మీద అరిసెలు దాచుకు తిన్నదని ఒకామెను పుట్టింటికి పంపేశారు. ఆమె ఎన్ని తిన్నదీ, ఎంత ఆకలేసి తిన్నదీ ఎవరూ చెప్పలేదు. దాచుకుంది అన్న ఒక్క మాటే చాలింది.

ఐదో వారంలో ఒకరోజు టీ వచ్చిందని లేచి గుమ్మందాకా వెళ్ళింది. గ్లాసు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, లేచేటప్పుడు బల్ల పట్టుకోలేదని. అందులో మాత్రది ఎంతో, చేపది ఎంతో, కూర్చుని తినడానిది ఎంతో ఆమెకి తెలియదు. నొప్పులు పూర్తిగా పోలేదు. కాని తగ్గే దారిలో పడ్డాయి. ఇంకా మూడు మాత్రలున్నాయి. ఫిబ్రవరి ఆఖరుకి ఇంకా నెల రోజుల పైనే ఉంది. ఆ మూడూ పడితే శ్రీరామ్మూర్తి ఎదురుగా మోటారు తనే జరపగలననిపించింది.

ఆరో సోమవారం జనవరి ఇరవై ఆరు, షెడ్డుకి సెలవు. వారం తప్పకూడదని శనివారమే మాత్రలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. సోమవారం త్రినాథరావుకీ సెలవే. మధ్యాహ్నం చేపల పులుసు దించి, కంచాలు తుడుస్తోంది ఇంద్రజ. చార్జరు వెతుక్కుంటూ దేవిశ్రీ తల్లి సంచి తెరిచింది.

"అమ్మా, డి మాత్రలు మళ్ళీ తెచ్చావా! చెప్పలేదేం?" అని సంబరంగా పట్టుకొచ్చి అందరి మధ్యా పెట్టింది.

చిలకమ్మ షీటు వెలుతురుకి పట్టి చూసింది. "మూడే ఉన్నాయేటి? సరే, సరిపోద్ది. నాకొకటి, బాబుకొకటి, గుంటకొకటి."

లెక్క ఈసారి కూడా చక్కగానే కుదిరింది. అందులో ఇంద్రజ లేదు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. అత్త కుట్రేమీ చెయ్యలేదు, మనసులో ఉన్నవాళ్ళని లెక్కపెట్టుకుంది, అంతే. తుడుస్తున్న కంచం ఇంద్రజ కింద పెట్టింది.

"అవి పంచడానికి కాదత్తా. నావి."

"మిగతాయేవి?" అన్నాడు త్రినాథరావు.

"నాను ఏసుకున్నాను. ఐదు వారాలకి ఐదు."

చిలకమ్మ నోరు నొక్కుకుంది. "ఓలమ్మో! ఇంట్లో ఇంతమందిమి ఉండగా దాసుకుని తిన్నావేటే?"

"అవునత్తా. దాసుకునే తిన్నాను. ఇంట్లో ఎడితే నాకు మిగల్వు. మొదటిసారి ఎనిమిదిట్లో నాకు రెండే మిగిల్నాయి. ఒంట్లో ఏటీ ఎక్కలేదు."

"నువ్వేసుకుంతానంటే నానేటైనా అడ్డం సెప్పానా?" అన్నాడు త్రినాథరావు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"అడ్డం సెప్పనేదు. సెయ్యి సాపారు" అంది ఇంద్రజ. గొంతు పెంచలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టే చెప్పింది. "మీ బీపీ బిళ్ళలు నానెప్పుడూ అడగనేదు కదత్తా. నాకివి లేకపోతే షెడ్డుకెళ్ళడం అవదు. ఇవి తినీసే ఏసుకోవాల. అందుకని నానూ ఇప్పుడే కూసుంతాను."

కంచాలు నాలుగూ వేసింది. అన్నం గిన్నె, పులుసు దాక మధ్యలో పెట్టింది. ముందు ఎవరికీ వడ్డించలేదు. తన కంచంలో అన్నం పెట్టుకుని, నడిమి ముక్క ఒకటి తీసి వేసుకుంది. త్రినాథరావు గరిటె వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, చివరికి గరిటె తనే అందుకున్నాడు. కొత్త కదా, పులుసు చాప మీద ఒలికింది. చిలకమ్మ ఏదో గొణుక్కుంటూ కంచం దగ్గరికి లాక్కుంది. ఇంద్రజ ముళ్ళు ఏరుకుంటూ ముక్క మొత్తం తిన్నది. తినడం అయ్యాక షీటు తీసింది.

"అమ్మా" అంది దేవిశ్రీ మెల్లగా. "నాక్కూడా ఇవ్వవా?"

అత్తకీ మొగుడికీ చెప్పాల్సిన జవాబు ఐదు వారాలుగా ఆమె గొంతులో తయారవుతూనే ఉంది. ఈ ప్రశ్నకి తయారుగా లేదు. చెయ్యి దానంతటదే మాత్ర నొక్కబోయింది. ఆ పిల్ల అడిగితే ఎముకలే ఒలిచి ఇచ్చే మనిషి, ఒక్క మాత్ర ఎంతనిపించింది. కూతురి చాపిన చెయ్యి చూసింది. రేపు ఇదే చేతిలో ఇంకెవరి ఇంట్లోనో ఒక షీటు ఉంటుంది. దాన్ని ఎలా పంచాలో ఈ పిల్ల ఎవరిని చూసి నేర్చుకుంటోందో అప్పుడు తెలిసింది ఇంద్రజకి.

"ఇవ్వనమ్మా" అంది. "రేపు నిన్ను డాక్టరు కాడికి తీసుకెల్తాను. తక్కువుంటే నీకు వేరే రాత్తారు. ఇయి నావి."

మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. దేవిశ్రీ చెయ్యి వెనక్కి తీసుకుని తల్లి మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. తల్లి నోట లేదన్న మాట ఆ పిల్ల చాలాసార్లు విన్నది. ఉండి ఇవ్వనన్న మాట వినడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.